నాకేమన్నా పిచ్చా?
మార్కాపురంలో మా పెద్దమ్మకి సరిగ్గా నిద్రపట్టి ఏడాదవుతోంది. పెదనాన్న పలకల గనిలో పనిచేసి, ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయాడు.

"14416కి ఫోన్ చెయ్యి పెద్దమ్మా, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు" అన్నాను. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరది.

"నాకేమన్నా పిచ్చా అబ్బాయ్? ఇంటి గుట్టు ఎవరికో చెప్పుకుంటే పరువుంటదా?" అంది, మనవడి పలక కొంగుతో తుడుస్తూ.

ఒకటో తారీఖున పింఛను తెచ్చిన సచివాలయం అమ్మాయి అరుగు మీద కాసేపు కూర్చుంది. పెద్దమ్మ నాలుగు వేలూ లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుని, రాత్రుళ్లు పెదనాన్న దగ్గు వినపడుతోందని చెప్పింది. మాకెవరికీ చెప్పని మాట! కౌన్సెలింగ్ అని పేరు పెట్టుంటే నోరు విప్పేదా?

ఆ పిల్లకింకా బోలెడు ఇళ్లున్నాయి. "మజ్జిగ తాగి పోదువులే" అంటూ పెద్దమ్మ లోపలికెళ్లింది.