అవతలి గొంతు

కానుపు స్త్రీకి పునర్జన్మ అంటారు పెద్దలు. నెలలు నిండిన ఇల్లాలి చుట్టూ పదిమంది చేరతారు. కాని తొలి మాసాలలో ఆమె దాదాపు ఒంటరి. మూడో నెల నిండేవరకు ఆ శుభవార్తను ఇరుగుపొరుగులకు చెప్పకూడదన్న ఆచారం మా ఇళ్లలో ఉంది. ఆ ఒంటరితనంలో నేను దిక్కుగా భావించింది ఒక ఫోన్ నంబరును.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రతీరానికి చేరువగా ఉన్న చిన్న గ్రామం. నా భర్త ఉద్యోగరీత్యా చెన్నైలో ఉండేవారు. నేను నెల తప్పానని తెలియగానే ఆశా కార్యకర్త నా పేరు నమోదు చేయించి, ఫోలిక్ ఆమ్లం మాత్రలూ తల్లీబిడ్డల కార్డూ ఇచ్చింది. కార్డుపై ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ నంబరు ఉంది. "ఏ అనుమానం వచ్చినా ఫోన్ చెయ్యమ్మా" అని చెప్పి వెళ్లింది.

ఏడో వారంలో ఒక రాత్రి పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. కొద్దిగా రక్తం కనిపించింది. వణికే చేతులతో కార్డు వెతికి ఫోన్ చేశాను. ఆ నంబరు ఉపయోగంలో లేదని యంత్రం పలికింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేస్తే ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. ఆశా కార్యకర్త ఫోన్ ఆగిపోయి ఉంది. ఒకవేళ ఇది చిన్న విషయమేమో, తెల్లవారేదాకా చూద్దామా అనిపించింది.

అలికిడికి లేచిన అత్తగారు సంగతి విని, "చూద్దామంటావేమిటమ్మా! ఊరికి తెలిస్తే తెలిసింది. 108కి చెయ్యి" అన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఆ సేవకు ఫోన్ చేయగానే ఒక గొంతు పలికింది. ఆ పలకరింపుకే నాకు సగం ప్రాణం లేచివచ్చింది.

ఆసుపత్రిలో స్కానింగు చేసిన డాక్టరమ్మ తెరమీద మిణుకుమిణుకుమంటున్న చిన్ని గుండెను చూపించింది. "రక్తం కనిపించినంత మాత్రాన గర్భం పోయినట్లు కాదు. కాని పిండం గర్భాశయంలో కాక నాళంలో నిలిస్తే తల్లి ప్రాణానికే ముప్పు. పరీక్షించనిదే ఏదీ చెప్పలేం. అందుకే ఆలస్యం చేయకూడదు" అంది.

తెల్లవారుజామున వరండాలో ఆశా కార్యకర్త ఎదురైంది. మరో ఇల్లాలిని కానుపుకు తీసుకువచ్చి, రాత్రంతా ఆమె దగ్గరే ఉందట. ఫోన్‌లో ఛార్జింగు అయిపోయిందట. కార్డుపై ఉన్నది బదిలీ అయిన నర్సమ్మ నంబరని అప్పుడే తెలిసింది. మైదాన ప్రాంతాలలో సుమారు 5000 మందికి ఒక ఉపకేంద్రం, 1000 మందికి ఒక ఆశా కార్యకర్త అన్నది ప్రమాణం. ఒక్క మనిషి ఒకే రాత్రి ఇద్దరు తల్లుల చెంత ఎలా ఉండగలదు? నా కోపం ఆమెపై నిలువలేదు. ఆమె లేనప్పుడు మరొకరు పలికే ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం.

ఇప్పుడు మా పాప బడికి వెళుతోంది. మా వీధిలో ఏ కోడలైనా నెల తప్పి నాతో చెబితే, ముందుగా ఆమె కార్డు అడిగి తీసుకుంటాను. అందులోని ప్రతి నంబరుకూ ఫోన్ చేసి చూస్తాను. అవతలి గొంతు వినిపించిన తరువాతే కార్డు తిరిగి ఆమె చేతికిస్తాను.