కళింగపట్నం – మన రైలుమార్గం

సముద్రానికి వందలాది కిలోమీటర్ల దూరంలో, వ్యాగన్ల మరమ్మతు కర్మాగారాన్ని ఆనుకొని వెలసినది మా రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. ఇక్కడ కూర్చుండి ఒక ఓడరేవును గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఇచ్చటి తెలుగు కుటుంబాలలో శ్రీకాకుళం ప్రాంతం నుండి వచ్చినవారు కలరు. మేమూ వారిలోని వారమే. మా పెద్దల నోట తరచుగా విన్న పేరు కళింగపట్నం.

ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన వంశధార బంగాళాఖాతంలో కలిసేచోట ఈ ఊరు ఉన్నది. నదికి ఎగువన ముఖలింగం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారుల అభిప్రాయం. సాగర సంగమానికి చేరువలో, దక్షిణపు గట్టున శాలిహుండం కొండపై బౌద్ధ స్తూపాలు, చైత్యాలు ఉన్నవి. 1919లో వీటిని వెలుగులోకి తెచ్చినవారు వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు వేంకట రామమూర్తి గారు. రాజధాని, ఆరామం, రేవు – మూడూ ఒకే నదిని ఆశ్రయించి వర్ధిల్లినవి.

ఓడలు తీరానికి దూరంగా లంగరు వేయగా, చిన్న పడవలపై సరుకులు చేరవేసేవారు. ఆంగ్లేయుల కాలంలో అక్కడ దీపస్తంభం కూడా వెలిసింది. అటువంటి రేవు ఎందుకు క్షీణించింది? ఇసుక మేట వేసినందువలననని పలువురు చెబుతారు. ఇంజనీరుగా మాకు ఆ సమాధానం చాలదనిపిస్తుంది. ఇసుక బెడద విశాఖలోనూ ఉన్నది. అక్కడ రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్టగా నిలిపారు. ఇసుకను తవ్వి తీసే ఏర్పాటు చేశారు. అంత వ్యయానికి సిద్ధపడటానికి కారణం రేవు వెనుకనున్న రైలుమార్గం. పందొమ్మిదవ శతాబ్ది చివర వచ్చిన తూర్పుతీరపు రైలు కళింగపట్నాన్ని తాకక, ఆముదాలవలస మీదుగా సాగిపోయింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తి అయింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. మధ్యపరగణాల సరుకు అటే తరలింది.

మా పెద్దలు ఆ పట్టాల వెంటనే ఇక్కడికి చేరారు. మా ప్రాంతపు రేవును ప్రక్కకు నెట్టిన రైలే మాకు అన్నం పెట్టింది. ఈ సంగతి తలచినప్పుడు కృతజ్ఞతతోపాటు కొంత వేదన కూడా కలుగుతుంది. మా పిల్లలకు మాత్రం కళింగపట్నం సెలవులలో స్నానానికి వెళ్ళే సముద్రతీరమే.

సోదర ఉద్యోగులకు మా మనవి ఒకటి. ఈసారి స్వగ్రామానికి వెళ్ళినప్పుడు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి, పిల్లలను ముందుగా శాలిహుండం కొండ ఎక్కించండి. క్రింద పారే వంశధారను చూపి, ఈ నీటి వెంట ఒకనాడు ఎవరెవరు నడిచారో చెప్పండి. రైలు రాకముందు కూడా మనకొక దారి ఉండేదని వారికి తెలియాలి.