గోల్ఫ్ కోర్సులో మన యాస

నవంబరు ఆఖరు, తెల్లారి చలి. ఫ్రెండ్‌కి గెస్టుగా బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌కి వెళ్లా. 1876 నాటి క్లబ్, 18 హోల్స్. చలికాలమే ఆటకి మంచి సీజనట.

ఆట మొదలయ్యే ముందు మా క్యాడీ ఫోన్లో, "శెనక్కాయ పెరికినారా?" అంటున్నాడు. ఆ యాసకి ప్రాణం లేచొచ్చింది.

"యాడ మీది?"

"కదిరి పక్క సార్."

"మాది తనకల్లే!"

తిమ్మమ్మ మర్రిమాను గురించి మాట్లాడుకున్నాం. దాదాపు అయిదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్‌కెక్కిన మాను మరి. పక్కన గడ్డి మీద నీళ్లు చిమ్ముతుంటే, "ఊర్లో వానల్యా" అన్నాడు.

మా నాయన వయసు. "సార్ అనొద్దు మామా" అన్నా.

నవ్వి బ్యాగు భుజానికెత్తుకున్నాడు. "కొట్టు నాయనా."

బాల్ చెట్లలోకి పోయింది. ఆయనే వెతికి తెచ్చాడు.