దారిలో బండి మొరాయిస్తే

చీర కొనేముందు కొంగు విప్పి చూడనిదే మనం పైసా తియ్యం. మగవాళ్ళు మాత్రం కారు పాలసీ చదవకుండానే సంతకం పెట్టి బీరువాలో దాచేస్తారు! బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి పెద్దపంజాణికి ఒంటరిగా కారు నడుపుకుంటూ వస్తుంది. అందుకే ఈసారి పాలసీ నేనే చదివాను.

బండి గుద్దుకుంటే డబ్బిచ్చే మామూలు పాలసీ, బ్యాటరీ చచ్చి ఆగిపోతే పలకదు. దానికి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని విడిగా చేర్చుకోవాలి. కొత్త కార్లకు చాలావరకు తయారీ కంపెనీయే కొన్నేళ్ళు ఇస్తుంది; చూసుకోకుండా మళ్ళీ కొనడం దండగ. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోను చెయ్యొచ్చు. అది దిగి పల్లెదారి పట్టాకే నా బెంగంతా.

అన్నిటిలోకి చవకది చూపించాడు ఏజెంటు.

"ఎంతదూరం లాక్కెళ్తారు?"

"దగ్గర్లో ఉన్న గ్యారేజీ దాకా మేడమ్. హద్దు దాటితే కిలోమీటరుకింతని మీరే ఇచ్చుకోవాలి."

"పెద్దపంజాణికి దగ్గరి గ్యారేజీ ఏది?"

పలమనేరనాలో పుంగనూరనాలో తేలక నవ్వేశాడు. కాస్త ఎక్కువైనా దూరం హద్దు పెద్దదున్నదే తీసుకున్నాను.

మా అత్తగారికిది నచ్చలేదు. "దీనికింత రభస యాలమ్మీ? మదనపల్లె టమోటా లార్లు రాత్రంతా పోతావుంటాయి, నిలపరా ఏంది?"

నిలుపుతారు, కాదనను. చీకట్లో ఆ లారీకి చెయ్యెత్తవలసింది మా అమ్మాయి కదా!