మారిషస్‌లో మా ఊరి ఓనరు

పిల్లలతో విదేశం వెళ్ళడమంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ప్రొడక్షన్ రిలీజ్ లాంటిదే. నెలల ముందు ప్లానింగు, ఎక్సెల్ షీటు, ఆఖరి నిముషంలో స్కోపు మారిపోవడం, అన్నీ ఉంటాయి. మా పాపకి తొమ్మిదేళ్ళు. 2025 దసరా సెలవులకి ఎక్కడికి పోదామంటే గ్లోబు గిర్రున తిప్పి, హిందూ మహాసముద్రం మధ్యలో ఓ చుక్క మీద వేలు పెట్టింది. "ఇంత చిన్నదాంట్లో మనుషులుంటారా డాడీ?" అని దాని అనుమానం. ఉంటారు, 12 లక్షల పైచిలుకు. దేశం మొత్తం కలిపి సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు, అంటే మా సంగారెడ్డి జిల్లాలో సగం కూడా లేదు. మనవాళ్ళకి దిగాక వీసా ఫ్రీగా వేస్తారు. ముంబై నుంచి ఆరు గంటల పైన ప్రయాణం. మా ఆవిడ కూడా సరే అంది. అలా మారిషస్ చేరాం.

అందాల గురించి నేను ప్రత్యేకంగా చెప్పేదేముంది, ఫోటోలు మీరూ చూసే ఉంటారు. దీవి చుట్టూ పగడపు దిబ్బల గోడ ఉంటుంది. పెద్ద అలలన్నీ అక్కడే విరిగిపోతాయి. ఇవతలి నీళ్ళు చెరువులాగా నిలకడగా, గాజులాగా ఉంటాయి. "నీళ్ళల్లో నా కాళ్ళు కనబడుతున్నాయి!" అని మా పాప ఒకటే గంతులు. (మా ఊరి చుట్టుపక్కల కుంటల దగ్గర ఆ మాట అనడం కష్టం. అదింకో కథ.) షామరెల్‌లో ఏడు రంగుల మట్టి చూశాం. లావా రాయి వేల ఏళ్ళపాటు నాని, అరిగి మట్టయితే అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల అన్ని రంగులు వచ్చాయట. పాంప్లెమూస్ తోటలో ఇత్తడి తాంబాళాల్లాంటి తామరాకులు చూశాం. రోడ్డు పక్కన ధోల్ పూరీ తిన్నాం. ఉడికించిన శనగపప్పు పొడి లోపల పెట్టి పల్చగా చేస్తారు. "నానమ్మ బెల్లం వెయ్యడం మర్చిపోయిన పోలె" అని మా పాప తీర్పు.

మమ్మల్ని తిప్పిన టాక్సీ ఆయన మాది ఏ భాషో తెలుసుకుని "నమస్కారం అండీ" అన్నాడు. ఆయనకి వచ్చిన తెలుగు ఓ పాతిక మాటలు: అన్నం, నీళ్ళు, అమ్మోరు, గోవిందా... మిగతాదంతా క్రియోల్. అక్కడి తెలుగువాళ్ళని పాతరోజుల్లో కోరంగీలు అనేవారట, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఉగాదికి దేశం మొత్తానికి సెలవు. ఆంధ్ర మహాసభ 1947 నుంచీ ఉంది. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే. ఆయన కూతురు బడిలో తెలుగు నేర్చుకుంటోంది. మా పాప కన్నా ఆ పిల్లకే గుణింతాలు బాగా వచ్చేమో అని నాకు భయం వేసింది :-)

ఆయనే మమ్మల్ని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కి తీసుకెళ్ళాడు. టూరు ప్యాకేజీలో అది లేదు. బయట నుంచి చూస్తే కొన్ని రాతి గోడలు, కొన్ని మెట్లు, అంతే. 1849లో కట్టిన ఇమిగ్రేషన్ డిపో అది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకి మనుషులు కావాలి. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. ఆ తర్వాత వందేళ్ళ లోపే దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు అలా వచ్చారు. మొదట్లో ఐదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకి నెలకి 5 రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. దాన్ని 'డబుల్ కట్' అనేవారు. 1867 చట్టం తర్వాత ఒప్పందం అయిపోయినవాళ్ళు కూడా ఫోటో అతికించిన పాసు దగ్గర పెట్టుకునే తిరగాలి. లేకపోతే అరెస్టు. ఇది అన్యాయమని 1871లో ప్లెవిట్జ్ అనే ఆయన సాయంతో తొమ్మిది వేల మందికి పైగా అర్జీ పెట్టుకుంటే, మరుసటి ఏడు విచారణకి రాయల్ కమిషన్ వేశారు.

మన ఆఫీసుల్లో "మనమంతా సైబర్ కూలీలం" అని ఒక జోకు ఉంది కదా, అప్రైజల్ బాగా రానప్పుడల్లా వేసుకుంటాం. ఆ ఫోటోల ముందు నిలబడితే నాకది జోకుగా తోచలేదు. నోటీసు పీరియడ్ మూడు నెలలుంటే అల్లాడిపోతాం మనం. ఉద్యోగం మానేసి రోడ్డు మీద నడిస్తే మనల్నెవరూ జైల్లో వెయ్యరు.

మా పాప మాత్రం ఆ ఫోటోల్లోని మొహాలు చాలాసేపు చూసి, "వీళ్ళ ఓనరు తాత ఎవరు?" అంది.

ఆ ప్రశ్న మీకు అర్థం కావాలంటే మా ఊరు తెలియాలి. మాది బొంతపల్లి, గుమ్మడిదల మండలం. వీరభద్రస్వామి గుడి చాలామందికి తెలిసే ఉంటుంది. గుడి దాటితే ఊరి చుట్టూ మందుల కంపెనీలు, కెమికల్ కంపెనీలు. మా బాపు ఇంటి వెనక జాగాలో ఎనిమిది రేకుల రూములు కట్టి కిరాయికిచ్చాడు. ఉండేవాళ్ళంతా ఒడిశా, బీహార్, జార్ఖండ్ పిల్లలు. ఏ రాష్ట్రమైనా సరే ఊళ్ళో వాళ్ళందరికీ ఒకటే పేరు, "బిహారోళ్ళు". మారిషస్‌లో కూడా ఇంతేనట. ఏ ఊరి నుంచి వచ్చిన హిందువుకైనా పెట్టిన పేరు "మలబార్". మా పాప శని ఆదివారాలు ఊరికి పోయినప్పుడు ఆ రూముల వాళ్ళతోనే ఆడుకుంటుంది. వాళ్ళు మా బాపుని "ఓనర్ సాబ్" అంటారు. దూరం నుంచి వచ్చి, బక్కగా, భయంగా కెమెరా వైపు చూసే మనిషి ఉన్నాడంటే, ఆ పక్కనే ఒక ఓనరు తాత ఉండాలని దాని లెక్క. లెక్కలో తప్పేమీ లేదు.

నాకు మాత్రం పాశమైలారం గుర్తొచ్చింది. 2025 జూన్ 30న అక్కడి ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయారు. ఎక్కువమంది వేరే రాష్ట్రాల నుంచి బతకడానికి వచ్చినవాళ్ళే. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చెయ్యాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్ళు దొరకనే లేదు. వలస కార్మికుడికి ఫోటోతో పాసుబుక్కు ఇవ్వాలని మన దేశంలో 1979లోనే చట్టం వచ్చింది. నేను మా రూముల్లో ఇన్నేళ్ళలో ఒక్క పాసుబుక్కూ చూడలేదు.

మారిషస్‌లో తెల్లదొరలు ఆ నంబర్లు, ఫోటోలు, ఊరి పేర్లు రాసి పెట్టుకున్నది కూలీల మీద ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. కానీ ఆ రిజిస్టర్లు ఇప్పటికీ మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మునిమనవళ్ళు వెళ్ళి తమ ఊరేదో వెతుక్కుంటారు. మా టాక్సీ ఆయన కూడా వెతికించుకున్నాడు. ముత్తాత కాగితంలో జిల్లా దగ్గర "గంజాం" అని ఉందట. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ, 1936 నుంచి ఒడిశా. మా మూడో రూములో ఉండే కుర్రాడిదీ గంజామే అని మా పాపే అందించింది. నాకు తెలీదు ఆ సంగతి.

తిరిగొచ్చాక మా బాపు కిరాయి పుస్తకం తీసి చూశాను. "3వ రూము, ఒరిస్సా, కిరాయి ముట్టింది" అని ఉంది. పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు రాద్దామంటే, "పోలీసోళ్ళ లెక్క గివన్నీ ఎందుకురా, కిరాయిస్తున్నరు కదా" అన్నాడు. బాపు మాటని కొట్టిపారెయ్యలేం. పేర్లు రాసుకోవడమంటే మారిషస్‌లో జరిగిందీ అదే కదా. అందుకని మా పాపని వెంటేసుకుని ఒక్కో రూముకీ వెళ్ళి, ఎందుకో చెప్పి, ఇష్టమైతేనే ఇవ్వమన్నాం. ఆరు రూములవాళ్ళు చెప్పారు. రెండు రూములవాళ్ళు నవ్వి తలుపేసుకున్నారు, అది వాళ్ళ హక్కు. గంజాం కుర్రాడు మాత్రం తన ఊరి పేరు పాప సరిగ్గా రాసేదాకా మూడుసార్లు పలికించాడు. వాళ్ళమ్మ ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. "ఏదైనా అయితే ముందు ఆమెకే చెప్పండి సార్" అన్నాడు.

మీ ఆఫీసు గేటు దగ్గర రోజూ మీ ఐడీ కార్డు చూసి లోపలికి పంపే అతనిది ఏ ఊరు?