ఊరికే కూర్చోడానికి దుడ్డా?



పోయిన నెల కూటంలో మా చిన్నకోడలు చేసే వ్యాపారం గురించి ఎవరో మాట ఎత్తారు. అప్పటినుంచి నాకు ఫోన్లు వస్తానే ఉన్నాయి. హోసూరు నుంచి ఒకరు, బళ్లారి నుంచి ఒకరు, సేలం నుంచి ఇద్దరు. అందరిదీ ఒకే ప్రశ్న, ఆ పాప అసలు ఏమి అమ్ముతుందని. నాకన్నా పెద్దాయన ఒకరు నేరుగానే అడిగారు: "ఊరికే కూర్చోడానికి దుడ్డా నాయనా?" ఇంకో ఇద్దరు తమ పిల్లల చేత కూడా ఇదే పెట్టిస్తామని, యాప్ చేయించడానికి 5 లక్షలు అప్పు చూస్తున్నామని చెప్పారు.

అప్పు మాట విన్న తర్వాత ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నా. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మన ఆదివారం తరగతిలో నేర్చుకున్నవి. నాది ఇంటి తెలుగు, అట్లాగే చదువుకోండి.

ముందు ఆ పని ఏమిటో చెబుతాను. ఇంటినుంచి కంపెనీ పని చేసే పిల్లలు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్లకు జీతం ఉంది, లాప్‌టాప్ ఉంది, పక్క టేబుల్ మాత్రం లేదు. పొద్దున 9కి పని తెరుస్తారు, 11 అయినా మొదటి కాగితం కదలదు. మధ్యలో ఫోను, బట్టలు ఆరేయడం, కొరియర్ వాడు. అలాంటివాళ్ల కోసం మా కోడలు రోజూ చెప్పిన వేళకు ఒక వీడియో గది తెరుస్తుంది. వచ్చినవాళ్లు ఈ గంటలో ఏమి ముగిస్తారో ఒక్క వాక్యంలో చెబుతారు. తర్వాత మైకులు మూసి, కెమెరాలు తెరిచి, 50 నిమిషాలు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. చివరి అయిదు నిమిషాలు అయిందా లేదా అని చెప్పుకుంటారు. ఇంతే వ్యాపారం.

ఇది మన ఇంట్లో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో ఫోకస్‌మేట్ అనే సేవ 2016లో మొదలయింది. ముక్కూముఖం తెలియని ఇద్దరిని జతచేసి 50 నిమిషాలు ఎదురెదురుగా పని చేయిస్తుంది. వారానికి మూడుసార్లు ఉచితం, పైన కావాలంటే చందా. దానికన్నా చాలా ముందు, 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం పెట్టుకొని 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం అని పద్ధతి కట్టాడు. ఆ రెండూ కలిస్తే మా కోడలి గది.

పక్కన మనిషి ఉంటే పని ఎందుకు సాగుతుంది? ఇది నాకు కొత్త సంగతి కాదు. రైల్వే పర్సనల్ బ్రాంచిలో 34 ఏళ్లు కూర్చున్నవాణ్ణి. జూలై ఇంక్రిమెంట్లు వేసే కాలంలో ఎదురు టేబుల్ ఆయన సర్వీస్ రిజిస్టర్ తెరిచాడంటే, ఎవరూ చెప్పకుండానే మన చెయ్యి పెన్ను వెతుక్కుంటుంది. సెలవు రోజున ఒంటరిగా వచ్చి అదే పని చేస్తే సగం కూడా ముగియదు. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని గమనించారు. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన, సైకిల్ పందెగాళ్లు ఒంటరిగా తొక్కినప్పటికన్నా పక్కన ఇంకొకరు ఉంటే వేగంగా పోతారని చూసి, పిల్లల చేత చేపల గాలం చక్రాలు తిప్పించి పరీక్ష చేశాడు. 1965లో రాబర్ట్ జయన్స్ అనే ఆయన ఇంకో మాట చేర్చాడు: చేతికి అలవాటైన పని నలుగురి మధ్య వేగంగా సాగుతుంది, కొత్తగా నేర్చుకునే పని నలుగురి మధ్య తడబడుతుంది. ఈ రెండో మాట మా కోడలికి బాగా పనికొచ్చింది. కొత్త కోర్సు నేర్చుకునేవాళ్లకు ఆమె వేరే గది పెట్టింది. అక్కడ కెమెరా ముఖం మీద కాదు, టేబుల్ మీద, చేతుల మీద ఉంటుంది.

ఇప్పుడు దుడ్డు సంగతి. మీరందరూ ఎదురు చూసేది ఇదే.

మా కోడలు చెన్నైలో ఒక కంపెనీలో ఉండేది. పాప పుట్టాక ఇంటినుంచే చేసింది. తర్వాత వాళ్లు అందరూ ఆఫీసుకు రావాలన్నారు. మా అబ్బాయి ఉద్యోగం తిరుచ్చిలో. పాపకు అప్పుడు రెండేళ్లు. ఉద్యోగం వదిలింది. మొదటి నెల ఈ గది ఉచితంగా నడిపింది. జూమ్ ఉచిత ఖాతాలో గుంపు మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది, ఆ 40 నిమిషాలనే బడి గంటగా పెట్టుకుంది. పేరు ఇచ్చినవాళ్లు 41 మంది. రోజూ వచ్చింది ఆరేడు మంది.

రెండో నెలనుంచి కూర్చున్న ప్రతిసారీ 30 రూపాయలు అని పెట్టింది. ఎవరికి ఎప్పుడు వీలైతే అప్పుడు రావచ్చు. చూడడానికి న్యాయంగానే ఉంది. కానీ వాన పడితే గదిలో ఇద్దరే. ఖాళీ గది చూసిన ఆ ఇద్దరు మరునాడు రారు. మూడో నెల లెక్క నేనే రాశాను: 139 సార్లు, 4,170 రూపాయలు. ఆ రాత్రి ఆ పిల్ల చెన్నై ఉద్యోగాలకు దరఖాస్తులు పంపుతా ఉంది. "పాపను మీ దగ్గర వదిలేసి హాస్టల్లో ఉంటాను మామా, శనివారం శనివారం వస్తాను" అన్నది. మా ఇంటావిడ లోపలికి వెళ్లిపోయింది, ఏమీ మాట్లాడలేదు.

నాకు తెలిసింది రైలు ఒక్కటే. నేను సీజన్ టికెట్టు గురించి చెప్పాను. రోజు టికెట్టువాడు వీలైతే ఎక్కుతాడు, లేకపోతే బస్సు. సీజన్ టికెట్టువాడు రోజూ అదే బండికి వస్తాడు, అదే బోగీ ఎక్కుతాడు. ముఖాలు పరిచయం అవుతాయి. ఒకరోజు రాకపోతే పక్కవాడు "ఏమైంది, ఒంట్లో బాగాలేదా" అని అడుగుతాడు. మా కోడలు రెండు రోజులు ఆలోచించి నెలచందా 600 అని మార్చింది. వేళలు కూడా గట్టిగా కట్టింది. ఎవరి వేళ వాళ్లు ముందే ఎంచుకోవాలి. గది తెరిచిన అయిదు నిమిషాలకు తలుపు మూత. చేరింది 17 మందే. కానీ ఆ 17 మంది రోజూ వచ్చారు.

ఇప్పుడు పద్నాలుగు నెలలయింది, 62 మంది ఉన్నారు. 62 ఇంటూ 600 అంటే 37,200. ఖర్చు: వీడియో ఖాతాకు 1,300, రెండు నెట్ లైన్లకు 1,500, గదులు చూసుకునే ఇద్దరు అమ్మాయిలకు 9,000, దుడ్డు వసూలు చేసే ఆన్‌లైన్ సేవకు 900, చిల్లర 500. మొత్తం 13,200. మిగిలేది 24,000. ఆమె తాను కూర్చునేది రోజుకు అయిదు గంటలు, నెలకు 24 రోజులు, 120 గంటలు. గంటకు 200 రూపాయలు. చెన్నై జీతానికి ఇది సమానం కాదు. కానీ హాస్టల్ లేదు, పాప మధ్యాహ్నం అమ్మ చేతి అన్నమే తింటుంది. 22 మంది చందా ఇస్తే ఖర్చు తీరిపోతుంది, మిగిలిన 40 మందిది లాభం. ఈ 22 అనే అంకె గుర్తు పెట్టుకోండి.

వచ్చేవాళ్లు ఎవరంటారా? మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు, జీఎస్టీ లెక్కలు దాఖలు చేసే అమ్మాయిలు, అనువాదం చేసేవాళ్లు, థీసిస్ రాసేవాళ్లు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు. మన సంఘం వల్లనే తెలిసి యానాం నుంచి ఒక అబ్బాయి, షోలాపూర్ నుంచి ఇద్దరు, బరంపురం నుంచి ఒకావిడ చేరారు. వీళ్లందరి తెలుగు నాలుగు రకాలు. మొదటి అయిదు నిమిషాలు నవ్వులే. తర్వాత మౌనం, దానికి యాస లేదు.

బరంపురం ఆవిడ ఒక కంపెనీకి ఇంటినుంచి లెక్కలు రాస్తుంది. భర్త ఓడల మీద పని, ఇంట్లో తానొక్కతే. చందా రెండోసారి కట్టినప్పుడు మా కోడలికి ఒక మాట రాసింది: "పది గంటలకు నాకోసం ఒకరు కాచుకొని ఉంటారు, దానికి కడతా ఉండాను." పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. కూర్చోవడం ఎక్కడైనా ఉచితమే. వేళ తప్పకుండా ఒక మనిషి మన కోసం తలుపు తెరిచి, మనం రాకపోతే "బాగున్నారా" అని ఒక్క ముక్క పంపడం, అది పని. దానికి కూలి ఉంది. ప్లాట్‌ఫారం మీద ఊరికే నిలబడేదానికి కూడా రైల్వేకు 10 రూపాయలు ఇస్తాము కదా!

గదికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. వీటివల్లనే ఆడపిల్లలు ధైర్యంగా చేరుతున్నారు. చేరేముందు ఫోనులో మాట్లాడి మనిషి ఎవరో తెలుసుకుంటుంది. రికార్డింగు లేదు, ఫొటో తీయకూడదు. తీస్తే ఆరోజే బయటికి. కంపెనీ లాప్‌టాప్‌లో గది తెరవకూడదు, సొంత ఫోను స్టాండు మీద పెట్టుకోవాలి. కంపెనీ స్క్రీను ఎవరికీ కనబడకూడదు, లేకపోతే వాళ్ల ఉద్యోగానికే ముప్పు. చీటీలు, ఇన్సూరెన్సు, పెళ్లి సంబంధాలు గదిలో మాట్లాడకూడదు. మనవాళ్లు ఈ చివరిదానికే ఎక్కువ కష్టపడుతున్నారు. నెలకొకసారి మెయింటెనెన్సు అని పగలంతా కరెంటు తీస్తారు కాబట్టి రౌటరుకు ఇన్వర్టర్ ఉంది. అప్పటికీ కాకపోతే ఇద్దరమ్మాయిల్లో ఒకరు వేరే వీధి నుంచి గది తెరుస్తారు. బండి రద్దు కాకూడదు.

కాగితాల పని నేను చూసుకుంటాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, బ్రోకరుకు ఒక్క రూపాయి ఇవ్వకండి. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. ఈమెది ఏడాదికి నాలుగున్నర లక్షల లోపే. దానికి విడిగా బ్యాంకు ఖాతా, విడిగా నోటుబుక్కు. ఇన్‌కంటాక్సు రిటర్ను మాత్రం తప్పకుండా వేస్తాము.

ఇక యాప్ కోసం అప్పు. 5 లక్షలు, 12 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకోండి. నెలకు సుమారు 16,600 కట్టాలి. అంటే 28 మంది చందా వాయిదాకే పోతుంది. ముందు చెప్పిన 22 దానికి కలపండి, 50 మంది చేరేదాకా మీ పిల్లకు ఒక్క రూపాయి లేదు. మా కోడలి 62 మందితోనే లెక్క వేసినా మిగిలేది 7,400, గంటకు 62 రూపాయలు. పైగా ఒక గదిలో పదిహేను మందికి మించితే చూసుకునే మనిషి కన్ను ఆనదు. మంది పెరిగితే గదులు పెరుగుతాయి, గదులు పెరిగితే జీతాలు పెరుగుతాయి. మనిషి కోసం మనిషి కాచుకొని ఉండే పనిని యాప్ చేయలేదు. వీడియోకు జూమ్ ఉంది, దుడ్డుకు యూపీఐ ఉంది, కబురుకు వాట్సాప్ ఉంది. ఇంకేమి చేయించాలి?

కాబట్టి పెట్టదలచుకున్న పిల్లలకు నేను చెప్పేది: అయిదుగురిని చేర్చండి. నాలుగు వారాలు, రోజూ ఒకే వేళకు, ఉచిత 40 నిమిషాల గది తెరవండి. ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదు. అయిదో వారం చందా అడగండి. ముగ్గురు కడితే కొనసాగించండి. ఎవరూ కట్టకపోతే పోయింది నాలుగు వారాలే, ఇల్లు తాకట్టు పడలేదు.

ఇంట్లో పెద్దలకు ఒక మనవి. ఇంటినుంచి పని చేసే కోడలు, కూతురు "ఇంట్లోనే కదా ఉంది" అని అనుకోవద్దు. మా ఇంటావిడ ఆ గది గుమ్మానికి ఎర్ర రిబ్బను కడుతుంది. రైల్వే ఇల్లు కదా, ఎర్ర గుడ్డ కనబడితే ఎవరూ దాటరు, పాపతో సహా. రిబ్బను తీశాకే కాఫీ, చుట్టాలు, గ్యాస్ సిలిండర్ సంగతులు.

అలాగే మనవాళ్లే కదా అని ఉచితం అడగకండి. మన సంఘం సభ్యులకు మొదటి వారం ఉచితమని కోడలే చెప్పింది. ఆ తర్వాత 600 అందరికీ 600. నా తమ్ముడి కూతురు కూడా కడుతుంది. ఊరు కూడితేనే తేరు కదులుతుందని మా తమిళనాడులో అంటారు. కానీ తేరు కట్టిన ఆశారికి కూలి ఇచ్చాకే తాడు పట్టుకుంటారు.

వచ్చే కూటానికి ఆ నోటుబుక్కు తీసుకొని వస్తాను. 139 సార్లు అని రాసిన పేజీ కూడా అందులోనే ఉంది. అప్పు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఒక్కసారి చూడాలని కోరుతున్నాను.

మీ రిటైర్డ్ రైల్వే గుమాస్తా,
పొన్మలై, తిరుచ్చి