రాజోలు వంటింట్లో రెండు రోజులు

శ్రావణమాసంలో రాజోలు ప్రయాణమంటే ఒక చేత్తో గొడుగూ, ఇంకో చేత్తో చీర కుచ్చెళ్ళూ పట్టుకోవడమే. సంచీ పట్టుకోవడానికి మూడో చెయ్యి భగవంతుడు ఇవ్వలేదు. పాలకొల్లులో బస్సెక్కి బుద్ధిగా కూర్చున్నాను గాని, చించినాడ వంతెన మీదికి వచ్చేసరికి కిటికీ తలుపు తియ్యకుండా ఉండలేకపోయాను. కింద వశిష్ఠ. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రనీరు, మధ్యలో కొట్టుకుపోతున్న అరటిబొంత ఒకటి. జల్లు లోపలికి కొట్టింది. పక్క సీటాయన విసుక్కున్నాడు. గోదావరిని చూడ్డానికి టిక్కెట్టు లేదు గనక, ఆ విసుగే టిక్కెట్టనుకుని భరించాను.

నా చిన్నతనంలో ఈ వంతెన లేదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగేవాళ్ళం. పంటు మీద బస్సులూ, సైకిళ్ళూ, కొబ్బరిబోండాల గెలలూ, పెళ్ళివారూ అందరూ కలిసే ప్రయాణం. అవతల ఒడ్డున దిగగానే నాన్న "ఇంక మన సీమలోకి వచ్చేశాం" అనేవారు. అంతవరకూ పరాయిదేశంలో ఉద్యోగం చేస్తున్నట్టు!

ఈసారి నన్ను రమ్మన్నది చిన్ననాయనమ్మ. మా తాతగారి తమ్ముడి భార్య. ఫోనులో ఆవిడ ఎప్పుడూ రెండు ముక్కలకు మించి మాట్లాడదు. "దసరా వెళ్ళాక వంటిల్లు పడగొట్టేస్తున్నారే. శ్రావణ శుక్రవారం పేరంటం కూడా ఉంది. రా" అంది. దసరా తరువాత ఆవిడ మకాం హైదరాబాదులో కొడుకు దగ్గరికి. ఇంటి స్థలంలో పై అంతస్తుతో కొత్త ఇల్లు లేస్తుందట. ఆవిడకు ఎనభై అయిదేళ్ళు. ఈ వయస్సులో మూడో అంతస్తు ఫ్లాటులో ఏం తోస్తుందని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

రాజోలు అంటే తెలియని వారికి ఒక్క మాట. పడమట వశిష్ఠ, తూర్పున వైనతేయ, దక్షిణాన సముద్రం. మధ్యనున్న లంకభూమి ఇది. అంతర్వేది ఈ కొసనే ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ దరిదాపుల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు కట్టారు. ఏటి మీదుగా ఏరు పారించారన్నమాట. మా సీమ వరిపొలాలూ, కొబ్బరితోటలూ ఆ నీటి చలవే.

ఆ లంకల గన్నవరంలోనే డొక్కా సీతమ్మగారు ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలు, వేళకాని వేళ గోదావరి దాటి వచ్చినవారికి కూడా లేదనకుండా అన్నం పెట్టారు. 2000లో పాతదాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకు ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. వంట చేసి, వడ్డించి, ఏటి మీద కట్టడానికి పేరు పెట్టించుకున్న ఆడది మన దేశంలో ఇంకొకరున్నారా అని నాకు అనుమానం. మిగతావారికి మహా అయితే, "ఆవిడ చేతి పులుసు" అని పదేళ్ళపాటు ఒక మాట మిగులుతుంది.

ఇంటికి చేరేసరికి పది దాటింది. చిన్ననాయనమ్మ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని పనసాకులు తుడుస్తోంది. పొట్టిక్కలు! నాలుగు ఆకులు తొడిమలు తీసి, కొసలు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు నాలుగు దిక్కులా పరచి, మధ్యను ఈనెపుల్లతో గుచ్చాలి. తరువాత ఆకుల్ని పైకి మడిచి, పక్కపక్కవాటిని పుల్లలతో కలపాలి. గిన్నెలాంటి బుట్ట వస్తుంది. అందులో మినప్పిండి పోసి ఆవిరిమీద ఉడికిస్తే ఆ ఆకు వాసన పిండికి పడుతుంది. చదివితే ఇంతే. నేను కుట్టిన మొదటి బుట్ట పిండి పొయ్యగానే నోరు తెరిచింది. "ఎం.ఏ. చదివావు గదా" అంది చిన్ననాయనమ్మ. అంతే, ఇంకేమీ అనలేదు. లేతాకు చీలిపోతుందనీ, మరీ ముదురాకు మడతలో విరుగుతుందనీ ఆ తరువాత నేర్చుకున్నాను.

ఆ వంటిల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. మరి చూద్దామన్నా ఇంక ఉండదు గదా. తూర్పుగోడకు రెండు మట్టిపొయ్యిలు, పక్కన కుంపటి. మూల రుబ్బురోలు, దాని పక్కన తిరగలి. ఉట్టి తాళ్ళు లేవుగాని దూలానికి కొక్కెం ఇంకా ఉంది. అటకమీద ఆవకాయ జాడీలు, బోర్లించిన ఇత్తడి గంగాళం ఒకటి. రాచ్చిప్ప ఈనాటికీ పులుసుకు పనికొస్తోంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో పెరట్లో కొబ్బరిచెట్లు చాలామటుకు పడిపోయాయి. ఈ వంటింటి పెంకులూ ఎగిరిపోయాయి. తెల్లవారి చూస్తే గోడలు నిలిచే ఉన్నాయట. పొయ్యిలో నీళ్ళు తోడిపోసి, పడిన చెట్ల మట్టలు వాటికవే ఆరాక, వాటితోనే వంట చేసుకున్నారట చాన్నాళ్ళు.

చిన్ననాయనమ్మ ఈ ఇంటికి కాపరానికి వచ్చింది 1954లో, ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు. పద్నాలుగేళ్ళ పిల్ల. ఇంట్లో పధ్నాలుగు మంది, వచ్చేపోయే వాళ్ళు కాక. తాలూకా కచేరీ పనికని పల్లెల నుంచి వచ్చిన చుట్టాలు పొద్దున దిగి, "భోజనానికి ఉండంలెండి" అంటూనే కాళ్ళు కడుక్కునేవారు. కాబట్టి పెరడు నమ్ముకుని వంట. కంద, బచ్చలి, అరటిపువ్వు, అరటిదూట, కొబ్బరికాయ ఎలాగూ ఉంది. నలుగురు ఎక్కువొస్తే మజ్జిగపులుసులో కొబ్బరి మరో చిప్ప పడేది. కంద బచ్చలికి చివర్న ఆవ కలపాలి. పొయ్యిమీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది, దించి కలపాలి. పనసపొట్టు కూరదీ ఇదే రహస్యం. పనసకాయ కొట్టేముందు చేతికీ కత్తికీ నూనె రాసుకోకపోతే ఆ జిగురు మూడురోజులు వదలదు. (పులస సంగతి రాయలేదేమని మా కాలేజీలో మిత్రులు తప్పకుండా అడుగుతారు. శాకాహారుల ఇంటికి వెళ్ళి వచ్చినదాన్ని, నన్ను అడిగి లాభం లేదు.)

మధ్యాహ్నం రెండింటికి వంటింటి తలుపు చేరవేస్తే మళ్ళీ నాలుగింటిదాకా ఆడవాళ్ళకు తీరిక. ఆ రెండు గంటల్లోనే అప్పడాలు ఒత్తడం, వత్తులు చేసుకోవడం, జడలు వేసుకోవడం, వారపత్రిక చదువుకోవడం. ఒకరు పైకి చదువుతూంటే మిగతావాళ్ళు వినేవారు. ఆంధ్రప్రభ అప్పుడు మద్రాసు నుంచి వచ్చేది. సీరియల్ ముందా, మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' ముందా అని వాదన పడేది. 1952లో మొదలైన ఆ శీర్షిక దశాబ్దాలపాటు నడిచింది. వంటలే కాదు, కాపరంలో చిక్కులూ, చదువులూ, ఉద్యోగాలూ ఏది అడిగినా అందులో జవాబు ఉండేది. ఆవిడ 'వంటలు-పిండివంటలు' పుస్తకం తరువాత ఎన్నో పెళ్ళిళ్ళలో కొత్తకోడలి పెట్టెలో చోటు చేసుకుంది. "ఆవిడ కొలతలు చెప్పేది. మా అత్తగారు మాత్రం 'తగినంత' అనేది. తగినంత అంటే ఎంతో మా అత్తగారు పోయేదాకా నాకు తెలియలేదు" అంది చిన్ననాయనమ్మ.

శ్రావణం వస్తే ఆ తీరికా ఉండేది కాదు. మంగళవారాలూ, శుక్రవారాలూ పేరంటాలు. పొద్దున్నే కుంకుమభరిణె పట్టుకుని పిలుపుకు వెళ్ళడం, సాయంత్రం పట్టుచీర కట్టుకుని ఇంటింటికీ తిరగడం. కాళ్ళకు పసుపు, చేతికి తాంబూలం, దోసెడు నానబెట్టిన శనగలు. పది ఇళ్ళు తిరిగితే కొంగు బరువెక్కేది. మర్నాడు శనగల గుగ్గిళ్ళు, ఆ మర్నాడు శనగల కూర, ఆ పై రోజు వడలు. శ్రావణం వెళ్ళేసరికి మగవాళ్ళు కంచం ముందు కూర్చోవడానికే భయపడేవారట. ఆ పిలుపుకు హద్దులు కూడా ఉండేవి. ఏ వీధి మలుపు దాకా భరిణె వెళ్ళాలో, ఏ మలుపు దగ్గర ఆగిపోవాలో కొత్తకోడలికి మొదటి ఏడే నేర్పేవారు. కులం పేరు ఎవరూ ఎత్తేవారు కారు, మలుపు చూపించేవారు. చిన్ననాయనమ్మ ఆ మాట చెబుతూ నా మొహం వైపు చూడలేదు.

ఈ పేరంటాలన్నిటికీ పిండివంటలు చేసింది చిన్ననాయనమ్మ కాదు. ఆవిడ ఆడపడుచు, అంటే మా తాతగారి అక్కగారు. మేమందరం మామ్మ అనేవాళ్ళం. పదహారో ఏట వైధవ్యం వచ్చి పుట్టింటికి చేరింది. బూరెలు, పాకుండలు, కొబ్బరి లౌజు, చలిమిడి, ఏది చేసినా మామ్మ చెయ్యే. మా ఇంట్లోనే కాదు, వీధిలో ఎవరింట్లో సీమంతమన్నా ముందురోజు రాత్రి ఆవిడను పిలుచుకు వెళ్ళేవారు. తెల్లవారే లోపల వండి పెట్టి, పేరంటాళ్ళు రాకముందే ఆవిడ పెరటిదారిన ఇంటికి వచ్చేసేది. ఎదురు రాకూడదు గదా! పాకం ఆవిడ పట్టాలి, బూరె మాత్రం ఆవిడ చేతిమీదుగా ఎవరికీ వెళ్ళకూడదు. ఇలా ముప్ఫయి ఏళ్ళు.

"ఒకటి చూపిస్తానుండు" అని చిన్ననాయనమ్మ చందనపు పెట్టె తెప్పించింది. రవికముక్కల కింద పోస్టుకార్డు ఒకటి. చిరునామా వైపు వంకర అక్షరాలతో 'ప్రమదావనం, ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రిక, మద్రాసు'. వెనుక నాలుగు పంక్తులు. మా ఆడపడుచుగారు పిండివంటలు చాలా బాగా చేస్తారు, ఇల్లు కదలకుండా ఆ విద్యతో నాలుగు డబ్బులు సంపాదించుకునే మార్గం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయవలెను అని. పోస్టు ముద్ర లేదు.

"ఎందుకు వెయ్యలేదు నాయనమ్మా?"

"వేద్దామని కుర్రాడికి ఇచ్చాను. వీధి గుమ్మంలో వదినగారు ఆపి, వాడి చేతిలోది తీసుకుంది. మీ పెద్దతాతగారు చూస్తారని భయపడ్డాను గాని, ఆవిడే అడ్డుతుందనుకోలేదు."

"తిట్టిందా?"

"లేదే. చదివింది. 'మా తమ్ముడు నన్ను పోషించలేక పోతున్నాడని ఊరు అనుకుంటుందే పిల్లా' అంది. కార్డు మడవకుండా తెచ్చి నాకే ఇచ్చింది. ఆ రాత్రి అన్నం మాత్రం తినలేదు."

మా పెద్దతాతగారు పోయాక, 1970 దాటిన తరువాత, మామ్మ అప్పడాలూ వడియాలూ చేసి తెలిసిన ఇళ్ళకు పంపడం మొదలుపెట్టింది. అమ్మడం అనకూడదు, 'ఇచ్చిపుచ్చుకోవడం' అనాలి. లెక్క మాత్రం చిన్ననాయనమ్మ బొగ్గుతో గోడమీద గీసేది. మా నాన్న కాకినాడలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ పుస్తకాల ఖర్చు ఆ గోడమీంచే వచ్చిందని నాకు ఆవేళే తెలిసింది. నాన్నకు తెలుసో లేదో! అడగడానికి ఆయన లేరు. ఆ గోడ చూశాను. సున్నాల మీద సున్నాలు పడ్డాయి, గీతలేమీ కనపడలేదు. అయినా ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాను. ఖాళీ గోడకు ఫోటో ఏమిటని పనిమనిషి నవ్వింది.

సాయంత్రం పేరంటానికి పదిహేను మంది దాకా వచ్చారు. ఇప్పుడు భరిణెతో వెళ్ళి పిలవడం లేదు, ఫోనులో పిలుపు. అందువల్ల ఏ మలుపు దగ్గరా ఎవరూ ఆగలేదనుకుంటాను. స్కూలు టీచరమ్మ వచ్చింది, ఎదురు మెడికల్ షాపు వాళ్ళమ్మాయి వచ్చింది. పొట్టిక్కలు చూసి ఫోటోలు తీసుకున్నారు. నేను కుట్టిన వంకరబుట్టలు అడుగున పెట్టాను.

చిన్ననాయనమ్మ హాలులోకి రాలేదు. మా చిన్నతాతగారు పోయి ఏడేళ్ళయింది. కోడలు రెండుసార్లు వెళ్ళి పిలిచింది. "మీరు కానివ్వండమ్మా" అని వంటింట్లోనే కూర్చుంది, సరిగ్గా మామ్మ కూర్చునే కిటికీ పక్కన. నాకు మనస్సు మండింది. పసుపు గిన్నె, తాంబూలం, శనగల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో బస్సులోనే సిద్ధం చేసుకున్నాను కూడా. వీరేశలింగంగారి దగ్గర మొదలుపెట్టి ఒక పావుగంట ఉపన్యాసం. క్లాసులో అయితే బాగానే ఉండేది.

"కాళ్ళు చాపు నాయనమ్మా."

"పసుపు వద్దులేవే. మోకాళ్ళు చాపితే మళ్ళీ ముడుచుకోవు."

"నీ మోకాళ్ళ సంగతి కాదు నేను అడుగుతున్నది."

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. తరువాత కొంగు తీసి రెండు చేతులా పట్టింది.

"శనగలు పొయ్యి. అంత పిసినారితనమేమిటి, దోసెడు పొయ్యి. ఇంకో దోసెడు."

"రెండెందుకు?"

"వదినగారిది."

రెండో దోసెడు శనగలు కిటికీలో అరటాకుముక్క మీద విడిగా పోసింది. హాలులో మంగళహారతి మొదలైంది. వర్షం మళ్ళీ అందుకుంది. ఆవిడ శనగల్లో చెయ్యి పెట్టి ఒకటి గిల్లి చూసి, "సరిగా నానలేదు. రాత్రంతా నీళ్ళలో వేసి ఉంచు. పొద్దున్నే నువ్వు బస్సెక్కే లోపల వడలు వేసిస్తాను. ఈ పొయ్యిమీదే" అంది.